పెరటిగోడ కింది పైపు

"ఆ కాయితం మల్ల నా ముందట పెట్టకు. చెప్పిన గద, మనకద్దు."

జలపతిరావు చాయ గ్లాసు బల్ల మీద పెట్టి, దరఖాస్తు కాగితాన్ని వేలికొసతో అవతలికి తోశాడు.

నిర్మలాదేవి గుమ్మంలోనే నిలబడి ఉంది. పెరటివైపు తలుపు మూసి రెండు రోజులయింది. మూసినా వాసన ఆగడం లేదు. సోమవారం పొద్దున స్నానాలగది జాలీలోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నినప్పటినుంచి ఇంట్లో ఇద్దరూ సరిగా అన్నం తినలేదు. పాయిఖానా ట్యాంకు అడుగంతా పగిలిపోయిందనీ, ఇక మరమ్మతుకు లొంగదనీ, కొత్తది కట్టుకోవాల్సిందేననీ హెల్త్ ఇన్‌స్పెక్టర్ సిద్దిరాములు చూసి చెప్పాడు. పోతూ పోతూ ఈ కాగితం ఇచ్చిపోయాడు.

"సంతకం మీది గాదు గద," అంది నిర్మలాదేవి మెల్లగా. "నాది."

జలపతిరావు తలెత్తి చూశాడు.

అది నిజమే. సీలింగు చట్టం వచ్చిన రోజుల్లో ఊళ్ళో పెద్ద ఇండ్లవాళ్ళంతా భూములను భార్యల పేర్ల మీదికీ కోడండ్ల పేర్ల మీదికీ మార్చుకున్నారు. పొలాలతో పాటు ఈ ఇల్లు కూడా అప్పుడే నిర్మలాదేవి పేరు మీదికి వచ్చింది. పదిహేడేండ్లుగా ఆమె ఈ ఇంటి యజమానురాలు. ఆ సంగతి సంతకాలప్పుడే ఆమెకు గుర్తుకొచ్చేది. ఆయన వేలు పెట్టి చూపిన చోట పేరు రాసేది, లోపలికి పోయేది.

"నీ పేరు మీద పెట్టింది ఎవలు?" అన్నాడు జలపతిరావు. "మెట్‌పల్లి బజార్ల నలుగురు ఏమంటరు? జలపతిరావు పాయిఖాన కట్టుకోను సర్కారు సగం పైసలిచ్చిందట అంటరు. బీదోళ్ళ కోసం పెట్టింది మనకెందుకు?"

"బీదోళ్ళకు ముప్పావు ఇస్తున్నరు. మన అసొంటోళ్ళకు సగం. మనం అద్దంటె వాళ్ళకు గూడ రాదట. ఆయన మొన్న మీ ముందటనే చెప్పిండు."

అదీ చిక్కు. వాగు ఒడ్డున ఉన్నవి పంతొమ్మిది ఇండ్లు. ఎగువన వీళ్ళదొక్కటే పెద్దిల్లు. దిగువన ఉన్న పద్దెనిమిదీ సాలెవాళ్ళవి. వాళ్ళ పాయిఖానాలకు వెనకెప్పుడో సిమెంటు రింగులు దింపి గుంతలు కట్టారు. వానాకాలం వస్తే అవి పొంగుతాయి. వాగు ఖరాబు కాకుండా ఈ పాతవన్నీ తీసేసి కొత్తవి కట్టుకోవడానికి సర్కారు సాయం చేస్తానంది. కానీ వరసలో ఒక్క ఇల్లు మానుకున్నా మొత్తం వరసకు మంజూరు కాదని షరతు పెట్టింది. ఒక్క ఇంటి మురికి వాగులో పడుతుంటే మిగతావి బాగుచేసి లాభమేమిటని.

"పద్దెనిమిది ఇండ్లోళ్ళు పెట్టిండ్రు," అంది నిర్మలాదేవి. "మనదొక్కటే మిగిలింది. పన్నెండు గంటలకు ఆయన మళ్ళొస్తడు. ఇయ్యాల్టితోని ఆఖరు."

జలపతిరావు కండ్లజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"ఆ కాయితంల ఐదో ఖాన చదివినవా?"

"చదివిన."

ఐదో ఖానాలో ఒకే ప్రశ్న ఉంది. 'ప్రస్తుత ట్యాంకు నుండి వెలువడు నీరు ఎచటకు పోవుచున్నది? ఎప్పటి నుండి?'

"ఏం రాస్తవు?"

ఆమె మూసి ఉన్న పెరటి తలుపువైపు చూసింది.

"పైసలు తీసుకునుడు నాకు నామోషి గాదు," అన్నాడాయన. గొంతు తగ్గింది. "అన్ని కాయితాలు పంచాయతి ముందట అందరికి చదివి వినిపిచ్చి పంపుతరు. అదీ నా ఫికర్."

వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడయింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"వాళ్ళ గుంతలు గూడ వాగు పక్కనే ఉన్నయి," అన్నాడు మళ్ళీ, ఎవరో తనను నిలదీసినట్టు. "పోయిన వానల్ల అవి గూడ పొంగినయి. ఎవ్వని నీళ్ళతోని వచ్చిందో డాక్టరే చెప్పలే. నేను జీపు ఇచ్చిన. డ్రైవర్ను ఇచ్చిన. ఇంకేం చెయ్యాలె నేను?"

ఎవరి గురించి అంటున్నారని ఆమె అడగలేదు. పోయిన వానాకాలంలో చనిపోయిన చంద్రవ్వ పేరు ఆ ఇంట్లో ఎత్తక ఏడెనిమిది నెలలవుతోంది. ఇవాళ కూడా ఆమె ఎత్తలేదు. పేరు లేకుండానే ఆయన ఎత్తాడు.

*

పాలగిన్నె దించి, నిర్మలాదేవి పెరటి తలుపు గడియ తీసింది.

జామచెట్ల కింద నేల తడితడిగా ఉంది. అవతల గోడ, గోడకవతల వాగు. ఎండాకాలం మొదట్లో వాగు సన్నబడి ఇసుకలో ఒక పక్కగా పారుతోంది. దిగువన ఆడవాళ్ళు ఇసుకలో చిన్న గుంతలు తోడుకొని, ఊరిన నీళ్ళు చెంబులతో బిందెల్లోకి ముంచుకుంటున్నారు. ఆ చెలిమెల నీళ్ళే సాలెవాడకు తాగే నీళ్ళు. పెద్దింట్లో బోరుంది.

ఈ ట్యాంకు కట్టింది తాపీమేస్త్రీ రాయమల్లు. పదకొండేండ్ల కిందటి మాట. పని చివరి రోజున ఆమె చాయ తీసుకొని వెళ్తే, అతను గ్లాసు అందుకొని గోడవైపు చూస్తూ అన్నాడు:

"పక్కకు ఇంకుడు గుంత తవ్వాలె దొరసాని. దొర అద్దంటున్నడు. జామచెట్లు పోతయట. పైపు గోడ కిందికెళ్ళి వాగుల ఇడువుమంటున్నడు."

"వాగుల కింద చెలిమెలు తీస్తరు గద రాయమల్లు."

"నేను గదే అన్న. నా మాట ఇంటలేడు. మీరు జర ఒక్క మాట చెప్పుండ్రి."

"సరే, చెప్త," అంది ఆమె.

చెప్పాలనే అనుకుంది. అంతలో లోపలినుంచి అత్తగారు పిలిచింది. ఆ రాత్రి ఇంటికి చుట్టాలొచ్చారు. మరునాడు ఆయన ఏదో భూమి తగాదా మీద చిరాకుగా ఉన్నాడు. మూడోనాడు ఆమె పెరట్లోకి వచ్చేసరికి పైపు మీద మట్టి కప్పి, మట్టి మీద నీళ్ళు చల్లి, తొక్కి చదును చేశారు. ఇంకేం చెప్తాంలే అనుకుంది. ఆ తర్వాత ఆ మాట నిజంగానే మరచిపోయింది. మరచిపోయానని తొమ్మిది పదేండ్లు హాయిగా బతికింది.

పోయిన శ్రావణంలో సాలెవాడ దేవవ్వ కోడలు చంద్రవ్వకు పచ్చకామెర్లు వచ్చాయి. ఏడో నెల గర్భం. వాడలో మరో నలుగురికి కూడా వచ్చాయి కానీ వాళ్ళు లేచి తిరిగారు. చంద్రవ్వ లేవలేదు.

ఆ వార్త విన్నప్పుడు నిర్మలాదేవికి మొదట గుర్తుకొచ్చింది చంద్రవ్వ ముఖం కాదు. రాయమల్లు చాయ గ్లాసు.

ఇవాళ పంచాయతీ ముందు కాగితం చదివితే దేవవ్వ వింటుంది. పదిమందిలో నిలబడి, వేరొకరి నోట వింటుంది. అట్లా వినగూడదు. తనే ముందు చెప్పాలి.

నిర్మలాదేవి చెప్పులు తొడుక్కుని వీధి గుమ్మం దిగింది. జలపతిరావు అరుగు మీదినుంచి చూశాడు, ఎక్కడికని అడగలేదు.

*

సాలెవాడలో సాంచాలు నడుస్తున్నాయి. ఆ మగ్గాల మోతలో మాట వినపడాలంటే దగ్గరికి జరిగి చెప్పుకోవాలి. దేవవ్వ గుమ్మం ముందర రాట్నం పెట్టుకుని కండెలు చుడుతోంది. నిర్మలాదేవిని చూసి గబగబా లేచింది.

"దొరసాని, మీరెందుకొచ్చిండ్రు? కబురు పెడితె నేను రాకపోదునా."

"ఊకెనే వచ్చిన. కూసో."

దేవవ్వ కూర్చోలేదు. లోపలికి పోయి పీట తెచ్చి చెంగుతో తుడిచి వేసింది. మళ్ళీ పోయి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నిర్మలాదేవి చెంబు అందుకుంది కానీ నోటిదాకా తీసుకుపోలేకపోయింది.

దేవవ్వ అది గమనించింది. ఆమెకు కోపం రాలేదు.

"కాగవెట్టిన నీళ్ళే, ఫికరు లేకుంట తాగుండ్రి. కోడలు పోయినకాన్నుంచి కాగవెట్టకుంట తాగుతలేం. డాక్టరమ్మ చెప్పింది. అంతకుముందు మాకు ఎవ్వలు చెప్పలే."

నిర్మలాదేవి రెండు గుక్కలు తాగింది. నీళ్ళలో పొగవాసన ఉంది.

"నీ కొడుకు హనుమండ్లు లేడా?"

"సాంచ కాడికి పోయిండు. వాడు అన్నం యాళ్ళకే వస్తడు. ఇల్లు చూడబుద్ది గాదు వానికి." దేవవ్వ నేల మీద కూర్చుంది. కండె చేతిలోకి తీసుకుంది కానీ చుట్టలేదు. "ఏడో నెల పడ్డదని దాన్ని వాగుకు తోల్లే దొరసాని. కాలు జారుతదేమోనని భయమాయె. నేనే పొద్దుగాల్ల లేచిపోయి, చెలిమె తోడి, నీళ్ళు తేటపడ్డంక ముంచుకొచ్చేదాన్ని. దూపయితుంది అత్తా అంటె చెంబెడు నీళ్ళు ఇచ్చేదాన్ని. ఇంకింత తాగు బిడ్డా అనేదాన్ని. గీ చేతుల్తోనే ఇచ్చిన."

ఆమె ఏడవడం లేదు. ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్న మాటలవి, అరిగిపోయి నున్నగా వస్తున్నాయి.

"నీ తప్పేమున్నది దేవవ్వ," అంది నిర్మలాదేవి.

"నాది గాకపోతె ఎవ్వలదని చెప్పాలె? ఇన్‌స్పెక్టర్ సారు అన్నడు, నీళ్ళ తోనే వచ్చిందని. మా గుంతలు పొంగి వాగుల కలిసినయి గావచ్చు. మా మురికి మాకే తాకింది. దొర పాపం దవాఖానకు జీపు ఇచ్చిండు. కోరుట్ల దాటినంక పానం పోయింది గని, దొర ఇయ్యంది ఏంలేదు. రోజు తలుసుకుంట."

నిర్మలాదేవి చెంబు కింద పెట్టింది.

"నేను నీకొక మాట చెప్దామని వచ్చిన."

"చెప్పుండ్రి."

దేవవ్వ ముఖం ఎత్తి చూస్తోంది. ఆ ముఖంలో అనుమానం లేదు. అది ఉన్నా బాగుండేది. అనుమానపడే మనిషికి నిజం చెప్పడం సులువు. నిర్మలాదేవి నోరు తెరిచింది. పైపు అనే మాట నాలుక దాకా వచ్చింది. అక్కడినుంచి ఎందుకో కదల్లేదు.

"మేము గూడ సంతకం పెడుతున్నం," అంది. "మీకందరికి కొత్తవి వస్తయి."

దేవవ్వ చేతులు జోడించింది. "సల్లగుండుండ్రి. దొర ఏమంటడోనని వాడంత పరేషానయిండ్రు."

నిర్మలాదేవి లేచి వచ్చేసింది. వాడ దాటేదాకా వేగంగా నడిచింది. దాటాక బాట పక్కన ఆగింది. ఈసారి లోపలినుంచి అత్తగారు పిలవలేదు. ఆవిడ పోయి ఆరేండ్లయింది. చుట్టాలు రాలేదు. ఎవరూ అడ్డం రాలేదు. తనంతట తానే లేచి వచ్చింది.

*

ఇంటి అరుగు మీద సిద్దిరాములు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పద్దెనిమిది దరఖాస్తులు కట్టగట్టి ఉన్నాయి. మెట్ల దగ్గర హనుమండ్లు నిలబడి ఉన్నాడు. తలలో దూది నూగు, చేతులకు నూనె మరకలు. సాంచ మీదినుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"వచ్చినవా," అన్నాడు జలపతిరావు. పొద్దుటి గొంతు కాదు. "నువ్వు చెప్పినట్టే చేస్తున్న. మన తోని వాళ్ళందరు ఎందుకు ఆగాలె? అన్ని ఖానలు నేనే నింపిన. ఇగో, ఈడ పెట్టు."

వేలు పెట్టి చూపించాడు.

నిర్మలాదేవి కాగితం చేతిలోకి తీసుకుంది. ఐదో ఖానాలో ఆయన గుండ్రటి అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. 'స్వంత ఆవరణలోని ఇంకుడు గుంతలోనికి.'

"గుంత ఉన్నదా అమ్మా?" అన్నాడు సిద్దిరాములు. "మొన్న నేను చూసినప్పుడు నాకు కనవళ్ళే."

"జామచెట్ల కింద మూసుకపోయింది," అన్నాడు జలపతిరావు.

సిద్దిరాములు ఆయనవైపు చూడలేదు. చేతిలోని పెన్సిలును చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "గుంత ఉంటె మంచిదే. ట్యాంకు ఒక్కటి మారుస్తరు. గుంత లేదు, నీళ్ళు బయటికి పోతున్నయి అంటె, ఆ దారి తవ్వి మూసేసి కొత్త గుంత కట్టేదాక సర్కారుదే పని. కాయితంల రాసినదాన్ని బట్టి మంజూరయితది. రాయని దాని జోలికి మేం పోం. పోను మాకు హుకుం లేదు."

అంటే పైన కొత్త ట్యాంకు వస్తుంది. కింద పైపు అట్లాగే ఉంటుంది. రేపు వానాకాలంలో కూడా ఉంటుంది.

"ఇన్‌స్పెక్టర్ గారికి యాళ్ళయితుంది," అన్నాడు జలపతిరావు.

నిర్మలాదేవి బల్ల దగ్గర కూర్చుని పెన్ను మూత తీసింది. ఆయన రాసిన అక్షరాల మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. గీత వంకరపోయింది. పక్కన ఉన్న కొద్ది జాగాలో రాసింది: 'పెరటిగోడ కింది పైపు ద్వారా వాగులోకి. 1981 నుండి.'

"నిర్మలా," అన్నాడు జలపతిరావు.

ఇరవై ఏడేండ్ల కాపురంలో పరాయివాళ్ళ ముందు ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపులో కోపం కంటే బతిమాలడమే ఎక్కువగా వినిపించింది. అందుకే ఆమె తలెత్తలేదు. తలెత్తితే ఆగిపోయేది. కింద సంతకం చేసింది.

"కొట్టేసిన కాడ గూడ చిన్న సంతకం పెట్టుండ్రి అమ్మా," అన్నాడు సిద్దిరాములు మెల్లగా. "లేకుంటె ఎనుకకు పంపుతరు."

అక్కడా పెట్టింది. జలపతిరావు కుర్చీలో వెనక్కి ఒరిగి, కండ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఒక్కసారిగా ఆయన ముసలివాడైనట్టు కనిపించాడు. ఆయన మీద కోపం వస్తుందేమోనని ఆమె చూసుకుంది. రాలేదు. మట్టి కప్పించింది ఆయనైతే, కప్పింది చూసి ఊరుకున్నది తను.

"పక్కింటోళ్ళ సాక్షి సంతకం ఒకటి కావాలె," అన్నాడు సిద్దిరాములు. "అందుకే హనుమండ్లును తోలుకొచ్చిన. రా హనుమండ్లూ."

నిర్మలాదేవి ఆ సంగతి అనుకోలేదు.

హనుమండ్లు చేతులు లుంగీకి తుడుచుకుని మెట్లెక్కాడు. ఏడో తరగతి చదివినవాడు. సంతకం పెట్టే ముందు చదవడం అలవాటున్నవాడు. అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. ఐదో ఖానా దగ్గర వేలు ఆగింది. పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చింది.

"పైపు ఏడున్నది దొరసాని?"

"పెరటిగోడ కింద."

"మా చెలిమెకు ఎగువకేనా?"

"ఎగువకే."

అతను మళ్ళీ కాగితం మీదికి వంగాడు. తలలోంచి దూది నూగు ఒకటి కాగితం మీద పడితే, వేలితో జాగ్రత్తగా తీసేశాడు.

"మీకెప్పుడు ఎరుకయింది?"

"మొన్న ట్యాంకు పగిలినంకనే మాకు..." అన్నాడు జలపతిరావు.

"దొరా, నేను దొరసానిని అడుగుతున్న."

ఆ ఇంటి అరుగు మీద అతని తాత కానీ తండ్రి కానీ అట్లా మాట్లాడి ఉండరు. హనుమండ్లు గొంతు మాత్రం పెరగలేదు.

"పైపు ఏసినప్పుడే," అంది నిర్మలాదేవి. "మేస్త్రీ చెప్పిండు. నేను అద్దని చెప్తనన్న. చెప్పలే."

హనుమండ్లు తల ఊపాడు. పెన్ను తీసుకోలేదు. కాగితాన్ని నలగకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు.

"ఎటు పోతున్నవు?" అన్నాడు సిద్దిరాములు లేచి.

"మా అవ్వకు చదివి వినిపిస్త సారు. ఆమె పెట్టుమంటె పెడత."

"జర ఆలోచించు. నీ సంతకం లేకుంటె ఇది చెల్లది. ఇది చెల్లకుంటె ఈ పద్దెనిమిది గూడ చెల్లవు. ఒంటిగంటకు కాయితాలు తీసుకపోను ఆఫీసు జీపు వస్తది."

"ఎరుకే సారు."

అతను నడిచిపోతున్నాడు. నిర్మలాదేవి లేచింది. చెప్పులు వెతుక్కోలేదు.

ఎండకు కాలే బాటలో ఆమె అతని వెనకాల పది పన్నెండు అడుగుల దూరంలో నడిచింది. హనుమండ్లు వెనక్కి తిరగలేదు. ఆమె ఆగమని పిలవలేదు. వాడలో గుమ్మాల ముందున్న ఆడవాళ్ళు దొరసాని ఒట్టి కాళ్ళతో పోవడం చూసి లేచి నిలబడ్డారు.

ఆమె దేవవ్వ ఇంటి ముందుకు చేరేసరికి హనుమండ్లు లోపల చదవడం మొదలుపెట్టాడు. మొదటినుంచి చదువుతున్నాడు. జిల్లా పేరు, ఊరి పేరు, ఇంటి నంబరు, యజమానురాలి పేరు. సాంచాల మోత మీదుగా వినపడేటట్టు ఒక్కో మాట గట్టిగా అంటున్నాడు. దేవవ్వ మధ్యలో "మంచిగున్నది బిడ్డా, దొరసాని పెట్టుతనన్నది, పెట్టింది," అంటోంది.

నాలుగో ఖానా అయిపోయింది.

నిర్మలాదేవి తల వంచుకుని, ఎత్తు తక్కువ గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టింది.

"హనుమండ్లూ, ఆగు. అది నువ్వు చదవద్దు," అంది. "అది నేను చెప్త."

దేవవ్వ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. గోడకు ఆనించిన పీటను తీసి, దొరసాని కూర్చుంటుందని, కింద వేసింది.